ముందు డాబాకు సున్నం, ఆ తరువాతే సోలారు

ప్రశ్న: మాది విజయవాడ. సొంత ఇల్లు. కింది వాటా అద్దెకిచ్చి, పై వాటాలో మేము ఉంటాము. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, మొత్తం అయిదుగురం. మొన్న మే నెలలో 520 యూనిట్లు కాలి, బిల్లు నాలుగు వేలు దాటింది. డిసెంబరులో 190 యూనిట్లకు మించలేదు. పన్నెండు నెలల బిల్లులు కూడితే 4,100 యూనిట్లు వచ్చాయి. రెండు ఏసీలు ఉన్నాయి. మా పడకగది 10 × 12 అడుగులు, అందులోని టన్నున్నర ఏసీ కొని పదకొండేళ్లయింది. పిల్లల గదిలోది మూడేళ్ల కిందటి ఇన్వర్టర్ ఏసీ. ఆరు ఫ్యానులు, పద్నాలుగేళ్ల ఫ్రిజ్, ఒక గీజరు ఉన్నాయి. గ్యాసు బండ ముప్పై అయిదు రోజులు వస్తుంది. పక్కింటివారు సోలారు పెట్టించుకున్నారు, మమ్మల్నీ వెంటనే పెట్టించమంటున్నారు. మా అబ్బాయి గ్యాసు మానేసి ఇండక్షన్ పొయ్యి కొందామంటాడు. మా అత్తగారు ససేమిరా ఒప్పుకోరు. కూడబెట్టిన లక్షన్నర రూపాయలు చేతిలో ఉన్నాయి. యూనిట్‌కు సగటున ఎనిమిది రూపాయలు పడుతున్నట్టు లెక్క వేశాను. దేనితో మొదలుపెట్టమంటారు?

సమాధానం: పన్నెండు నెలల బిల్లులు కూడి పంపినందుకు ముందుగా మిమ్మల్ని అభినందిస్తున్నాను. ఆ 4,100 అనే అంకె లేకుండా ఎవరు సలహా చెప్పినా అది ఊహే అవుతుంది. మీరడిగింది దేనితో మొదలుపెట్టాలని కదా. అసలు విషయం అంతా ఆ వరుసలోనే ఉంది. మీ పక్కింటివారు చెప్పినదీ, మీ అబ్బాయి చెప్పినదీ రెండూ మంచివే. కాని ఇంట్లోకి దిగే వేడినీ, పాత యంత్రాలు వృథాగా తినే కరెంటునూ తగ్గించిన తరువాత చేస్తే అవి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇస్తాయి. ముందే చేస్తే, వృథాకు సరిపడా సోలారు పలకలు కొన్నవారవుతారు.

మొదట మీ లెక్కలో చిన్న సవరణ చేయాలి. మీకు సగటున ఎనిమిది రూపాయలు పడుతున్న మాట నిజమే. కాని మీరు ఆదా చేసే యూనిట్ విలువ ఎనిమిది రూపాయలు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి అమల్లో ఉన్న స్లాబుల ప్రకారం గృహ వినియోగంలో మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆ పైన ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 75 పైసలు వసూలు చేస్తారు. స్థిర ఛార్జీలు, ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం వీటికి అదనం. మీ 520 యూనిట్లకు కేవలం వాడకం ఛార్జీయే 3,718 రూపాయలు అవుతుంది. మీరు మానుకునే యూనిట్ ఎప్పుడూ ఈ మెట్లలో పైమెట్టు మీదిదే. అందువల్ల మే నెలలో మిగిల్చిన మొదటి యూనిట్ మీకు పది రూపాయలకు దగ్గరగా మిగులుస్తుంది, డిసెంబరులో మిగిల్చింది ఆరు రూపాయలు మాత్రమే మిగులుస్తుంది. 520 యూనిట్లను 350కి దించగలిగారనుకోండి, వాడకం తగ్గేది మూడో వంతే అయినా వాడకం ఛార్జీ 3,718 నుంచి 2,111 రూపాయలకు, అంటే నూటికి నలభైమూడు వంతులు పడిపోతుంది. కాబట్టి వేసవి వాడకం మీదనే మన దృష్టి నిలవాలి.

ఇదే సమాధానం చదువుతున్న తెలంగాణ పాఠకులకు స్లాబుల సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది. అక్కడ నెలకు 200 యూనిట్లు దాటగానే పై యూనిట్‌కే కాక మొదటి యూనిట్ నుంచీ వేరే రేటు పడుతుంది. సరిగ్గా 200 యూనిట్లు కాలితే వాడకం ఛార్జీ 820 రూపాయలు. 201 కాలితే 1,027 రూపాయలు దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైమాటే. 2024 మార్చి నుంచి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు పొందుతున్న అర్హులకు కూడా ఆ 200 యూనిట్లే హద్దు కాబట్టి, కింద చెప్పే పనులలో ఫ్యానుల మార్పు ఒక్కటే చేసినా వారి ఇంటి లెక్క మారిపోవచ్చు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీరుండేది పై వాటా. మీ నెత్తిన ఉన్నది సిమెంటు స్లాబు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్న ఎండ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ స్లాబు మీదే పడుతుంది. మే నెల మధ్యాహ్నం నల్లబడిన డాబా ఉపరితలం అరవై డిగ్రీలకు చేరడం సాధారణమే. సిమెంటు ఆ వేడిని వెంటనే విడవదు. పగలంతా తాగి, సూర్యుడు దిగాక మెల్లమెల్లగా గదిలోకి వదులుతుంది. మీరు రాత్రి తొమ్మిదింటికి ఏసీ వేస్తే అది చల్లబరిచేది గదిలోని గాలిని మాత్రమే కాదు, తెల్లవారుజాము వరకు పైకప్పు నుంచి దిగుతూనే ఉన్న వేడిని కూడా. ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోందని అనుకుంటాము కదా, అది ఫ్యాను తప్పు కాదు. స్లాబు వేడిని అది కిందికి తోస్తోంది.

నేను ఈ సంగతి పుస్తకాల్లో చదివి కూడా మా ఇంట్లో ఆచరించలేదు. మేడ మీద గదికి మంచి ఏసీ కొని, అది రాత్రంతా ఆగకుండా తిరుగుతుంటే యంత్రంలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. మరుసటి ఏడాది మాఘమాసంలో డాబా కడిగించి సున్నం కొట్టించాము. ఆ వేసవిలో అదే ఏసీ అర్ధరాత్రికల్లా నెమ్మదించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా మొదట డాబా గురించే చెబుతున్నాను, అది అంత తక్కువ ఖర్చుతో అయ్యే పని కాబట్టి.

తెల్లని పైకప్పు ఎండను తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. దానివల్ల గది లోపల రెండు నుంచి నాలుగైదు డిగ్రీల తేడా వస్తుంది. అది ఇంటి కట్టుబడిని బట్టీ, గాలి ఆడే తీరును బట్టీ మారుతుంది. దీని ప్రాముఖ్యాన్ని గుర్తించే తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ దాన్ని తప్పనిసరి చేసింది. మీరు మూడు రకాలుగా చేయించుకోవచ్చు. అన్నిటికంటే చవకది సున్నం. నానబెట్టి వడకట్టిన సున్నంలో జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయిస్తే కొద్ది వేల రూపాయలతో పని ముగుస్తుంది, కాని వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటేటా వేయించక తప్పదు. పైకప్పుల కోసమే తయారుచేసే తెల్లని రంగు కొంచెం ఖరీదు, అయితే కొన్నేళ్లు నిలుస్తుంది. తెల్లని పింగాణీ పెంకుల పరుపు అన్నిటికంటే మన్నికైనది, ఖర్చూ ఎక్కువే. మీరు సోలారు పలకలు కూడా పెట్టించాలనుకుంటున్నారు కాబట్టి, పలకల నీడే డాబాలో కొంత భాగాన్ని కాపాడుతుంది. అందువల్ల మీకు రంగు చాలు. ఏది చేయించినా ముందు స్లాబులో పగుళ్లు, కారే చోట్లు బాగుచేయించండి. పలకలు బిగించాక వాటి కింద పని చేయడం చాలా కష్టం.

పడమటి గోడ సంగతి కూడా చూడండి. సాయంత్రపు ఎండ నేరుగా కొట్టే కిటికీకి లోపల పరదా వేయడం కంటే బయట తడికో, వెదురు చాపో, సజ్జో ఉండటం మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి పరదా ఉన్నా గదిలోనే ఉండిపోతుంది. రాత్రి ఎనిమిది దాటాక బయటి గాలి చల్లబడితే కిటికీలు తెరిచి గదిని గంటసేపు ఆరనిచ్చి, ఆ తరువాత ఏసీ వేయండి.

ఇక యంత్రాలు. వీటిలో మీకు అత్యంత త్వరగా డబ్బు తిరిగి ఇచ్చేవి ఫ్యానులు. చాలామంది ఏసీని తప్పుపడతారు గాని, ఏసీ ఏడాదిలో నాలుగు నెలలు తిరుగుతుంది, ఫ్యాను పది నెలలు తిరుగుతుంది. మీ ఇళ్లలో ఉండే పాతరకం ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అని పిలిచే కొత్తరకం మోటారు ఫ్యాను అంతే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. మీ ఆరింటిలో ఎక్కువగా తిరిగే నాలుగింటిని మారిస్తే నెలకు అరవై అయిదు యూనిట్లు. మే నెల పైమెట్టు రేటులో అది ఆరు వందల రూపాయల పైమాట. ఫ్యాను ఒక్కొక్కటి మూడు వేల రూపాయలకు అటూ ఇటుగా దొరుకుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యానులకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కనుక అయిదు నక్షత్రాలది చూసి కొనండి. బిగించేటప్పుడు గోడమీది పాత రెగ్యులేటరును తీసేయించండి. ఈ ఫ్యాను వేగం రిమోట్‌తోనో, దానికి ప్రత్యేకంగా ఇచ్చిన స్విచ్‌తోనో మార్చాలి. పాత రెగ్యులేటరు గుండా కరెంటు వస్తే ఫ్యాను లోపలి సర్క్యూట్ పాడవుతుంది. అద్దెకున్నవారికి కూడా ఇది పనికొచ్చే సలహా. ఇల్లు మారేటప్పుడు ఫ్యాను విప్పుకుని వెంట తీసుకువెళ్లవచ్చు.

పదకొండేళ్ల ఏసీని మార్చండి. పిల్లల గదిలోది ఉండనివ్వండి, మూడేళ్ల యంత్రాన్ని తీసేసి కొత్తది కొంటే ఆ తేడా కొనుగోలు ఖర్చును చాలాకాలం రాబట్టలేదు. పాత టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలకు ఎనిమిది తొమ్మిది యూనిట్లు తినే అవకాశం ఉంది. ఇక్కడ డాబా పని ఫలితం రెండోసారి కనిపిస్తుంది. పైకప్పు తెల్లబడ్డాక 10 × 12 గదికి ఒక టన్ను చాలు. టన్నున్నర కంటే అది కొనుగోలులోనూ చవక, వాడుకలోనూ చవక. అయిదు నక్షత్రాల ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ అదే రాత్రికి నాలుగు యూనిట్లకు అటూ ఇటుగా సరిపెడుతుంది. దుకాణంలో నక్షత్రాలు లెక్కపెట్టి ఆగకండి. లేబుల్ మీద ఏ సంవత్సరానిదో, ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చదవండి. ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ కొలమానాలను కొన్నేళ్లకొకసారి బిగిస్తుంది కనుక, పాత సంవత్సరపు అయిదు నక్షత్రాలు కొత్త సంవత్సరంలో మూడో నాలుగో కావచ్చు. లేబుల్ మీది యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కూడా ఆ సంస్థే చెబుతుంది. ఏసీ 26 మీద పెట్టి, కొత్త ఫ్యానును నెమ్మదిగా తిరగనిస్తే 23 మీద ఉన్నంత హాయిగానే ఉంటుంది.

ఫ్రిజ్ విషయంలో తొందరపడవద్దు, ముందు కొలవండి. ప్లగ్గుకు, ఫ్రిజ్‌కు మధ్య పెట్టే చిన్న కరెంటు మీటర్లు వెయ్యి రూపాయల లోపు దొరుకుతాయి. ఇరవై నాలుగు గంటలు పెట్టి చూడండి. ఒకటిన్నర యూనిట్లకు మించి చూపిస్తే మార్చడం న్యాయం. లోపే ఉంటే తలుపు రబ్బరు సరిచేయించి, గోడకు జానెడు దూరంగా జరిపితే చాలు. తలుపులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు లెక్క. మార్చితే మాత్రం పాతదాన్ని మంచినీళ్ల సీసాల కోసమని వరండాలో పెట్టుకోకండి. చాలా ఇళ్లలో కొత్త ఫ్రిజ్ కొన్నాక కూడా బిల్లు పెరగడానికి కారణం అదే. గీజరును 45 డిగ్రీల దగ్గర ఉంచి, స్నానానికి పావుగంట ముందు వేసి, నీళ్లు పట్టుకోగానే ఆపండి. మన కోస్తా నీళ్లు చలికాలంలోనూ మరీ చల్లగా ఉండవు కాబట్టి బకెట్ నీళ్లకు అర యూనిట్ కూడా పట్టదు, రోజంతా వేసి ఉంచినప్పుడే అది బిల్లు పెంచుతుంది. టీవీ పక్కన ఉండే సెట్ టాప్ బాక్సు నిద్రలో కూడా పది పదిహేను వాట్లు తాగుతుంది. రాత్రి స్విచ్ ఆపే అలవాటు పిల్లలకు అప్పగించండి.

ఇవన్నీ చేస్తే మీ 4,100 యూనిట్లు ఏడాదికి 2,900 దరిదాపులకు వస్తాయని నా అంచనా. డాబా రంగుకూ, నాలుగు ఫ్యానులకూ, ఒక టన్ను ఏసీకీ కలిపి అరవై అయిదు డెబ్బై వేల రూపాయలలో సరిపోతుంది.

ఇప్పుడు వంటిల్లు. మీ అబ్బాయి ఆలోచన సరైనదే, కాని దానివల్ల డబ్బు మిగిలేదీ లేనిదీ మీరు ఏ మెట్టు మీద ఉన్నారనే దాన్ని బట్టి ఉంటుంది. 14.2 కిలోల బండలో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. గ్యాసు పొయ్యి మీద దానిలో మూడో వంతు గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసి వంటింటిని వేడెక్కిస్తుంది. ఇండక్షన్ పొయ్యి గిన్నె అడుగునే వేడిచేస్తుంది కాబట్టి వృథా చాలా తక్కువ. ఒక బండ చేసే పనిని సుమారు 140 నుంచి 150 యూనిట్ల కరెంటు చేస్తుంది. ఆరు రూపాయల మెట్టు మీద అది 850, 900 రూపాయలు, అంటే ఇంచుమించు బండ ధరే. మే నెలలో, ఏసీలు తిరుగుతూ 9 రూపాయల 75 పైసల మెట్టు మీద ఉన్నప్పుడు అదే వంటకు 1,400 రూపాయలవుతుంది. ఈ రోజు గ్యాసు మానేస్తే వేసవిలో మీరు నష్టపోతారు. వాడకం తగ్గించాక సమానంగా ఉంటారు. సోలారు వచ్చాకనే నిజంగా లాభపడతారు. అందుకే పొయ్యిని రెండో వరుసలో పెట్టాను. దేశానికి కావలసిన వంట గ్యాసులో అరవై శాతం దాకా దిగుమతి చేసుకుంటున్నాము కనుక బండ ధర మన చేతిలో లేదు, మన డాబా మీది ఎండ మన చేతిలో ఉంది. నేను ఈ మార్పును కోరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి. ఆమె అభ్యంతరంలో చాలా నిజం ఉంది. ఇండక్షన్ మీద అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే పనిచేస్తాయి. ఆమె ఏళ్ల తరబడి వాడిన ఇత్తడి గిన్నె, అల్యూమినియం డేగిసా, గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద వేడెక్కవు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా, అప్పడం కాల్చాలన్నా, పుల్కా పొంగించాలన్నా మంట కావాలి. అందుచేత గ్యాసును తీసేయమని నేను చెప్పను. మంట అవసరం లేని పనులను మాత్రం కరెంటు మీదికి మార్చండి. పాలు కాచడం, కాఫీ నీళ్లు, పప్పు ఉడకబెట్టడం, ఇడ్లీ, పులుసు మరగడం, ఇవన్నీ ఇండక్షన్ మీద గ్యాసు కంటే త్వరగా అవుతాయి. అన్నానికి కరెంటు ప్రెషర్ కుక్కరు తీసుకుంటే ఇంకా తక్కువ యూనిట్లు పడతాయి, చుట్టూ మూత కప్పినట్టుండటం వల్ల దాని వేడి బయటకు పోదు. బల్లపరుపు ఇనుప పెనం మీద దోశె చక్కగా వస్తుంది. అత్తగారికి ముందు పాలగిన్నెతో పరిచయం చేయండి. పాలు పొంగి పొయ్యి మీద పడినా తడిబట్టతో తుడిస్తే పోతుందని, మే నెల మిట్టమధ్యాహ్నం వంటింట్లో నిలబడగలుగుతున్నామని ఆమెకే తెలిశాక మీరు వాదించవలసిన అవసరం ఉండదు. ఇలా సగం వంట మారితే బండ రెండు నెలలు దాటి వస్తుంది. కరెంటు నెలకు అరవై యూనిట్లకు కొంచెం పైగా పెరుగుతుంది.

పొయ్యి కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్ల దాకా లాగుతుంది. దాన్ని మిక్సీ ప్లగ్గుకు తగిలించడం, ఎక్స్‌టెన్షన్ పెట్టె వాడటం ప్రమాదకరం. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, మీటరు పెట్టె నుంచి విడిగా మందపాటి తీగ, కరెంటు మోతాదు మించితే ఆపేసే సొంత ఎంసీబీ స్విచ్ ఉండాలి. ఇంటికి ఎర్తింగు సరిగా ఉందో లేదో పరీక్షించమనండి, షాకు తగలగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే ఇప్పుడే పెట్టించండి. బిల్లు మీద మీ ఒప్పంద లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి మీకు అనుమతించిన హద్దు, ఎన్ని కిలోవాట్లని ఉందో చూడండి. రెండు ఏసీలు, గీజరు, పొయ్యి కలిస్తే అది చాలకపోవచ్చు. అప్పుడు పంపిణీ సంస్థ కార్యాలయంలో దరఖాస్తు చేసి పెంచుకోవడమే పద్ధతి. ఈ విషయంలో ఖర్చు తగ్గించుకోవాలని చూడవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

చివరగా సోలారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్ర ప్రభుత్వం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు రాయితీ ఇస్తుంది. మొత్తం 78,000. మూడు కిలోవాట్లు దాటి ఎంత పెట్టినా రాయితీ అంతే. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, మూడు కిలోవాట్లు ఏడాదికి 4,300 యూనిట్ల దాకా ఇస్తాయి. ఇప్పుడు నేను చెప్పిన వరుసకు అర్థం మీకు తెలుస్తుంది. ఏదీ తగ్గించకుండా 4,100 యూనిట్లకు వంట కూడా కలిపితే దాదాపు 4,900 అవుతుంది, దానికి మూడు కిలోవాట్లు చాలవు, పైదానికి రాయితీ లేదు. తగ్గించాక 2,900, వంటకు 750 కలిపితే 3,650. ఇది రాయితీ హద్దులోపలే హాయిగా ఇముడుతుంది. రేపు విద్యుత్ స్కూటరు కొన్నా దానికి సరిపడా మిగులుంటుంది.

మూడు కిలోవాట్లకు సుమారు రెండు లక్షల రూపాయలు అవుతుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కనుక కొత్తగా రాయించిన ధరలే పోల్చండి. రాయితీ పోను మీ చేతి నుంచి లక్షా ఇరవై వేలు. అయితే రాయితీ ముందుగా తగ్గించరు. మీరు లైనుకు పంపిన యూనిట్లనూ, లైను నుంచి తీసుకున్న యూనిట్లనూ రెండువైపులా లెక్కించే మీటరు బిగించి, పరిశీలన అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ మధ్య కాలానికీ, పై పనులు పోను మీ లక్షన్నరలో తక్కువపడే సొమ్ముకీ ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ పథకానికని హామీ లేకుండా ఇచ్చే రుణం తీసుకోవచ్చు. వాడకం తగ్గిన మీ ఇంటికి సోలారు ఏడాదికి ఇరవై వేల రూపాయల బిల్లును, ఆ పైన అయిదారు గ్యాసు బండలను తప్పిస్తుంది. అయిదారేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది, పలకల సామర్థ్యానికి సాధారణంగా పాతికేళ్ల హామీ ఉంటుంది.

దరఖాస్తు సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లోనే మీ సర్వీసు నంబరుతో చేయండి. అక్కడ నమోదైన సంస్థనే ఎంచుకోండి, కనీసం ముగ్గురి దగ్గర ధర రాయించుకోండి. రాయితీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలే వాడాలి, ఆ మాట ఒప్పందంలో రాయించండి. అయిదేళ్ల నిర్వహణ వారి బాధ్యతేనని కూడా రాయించండి. మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. పలకలు దక్షిణానికి తిరిగి ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం మూడు వరకు ఎక్కడెక్కడ పడుతుందో ఒక ఆదివారం డాబా మీద మీరే గుర్తులు పెట్టుకోండి. ఒక పలక మూల మీద పడ్డ నీడ కూడా ఉత్పత్తిని బాగా తగ్గిస్తుంది. బట్టలు ఆరేసుకోవడానికీ, వడియాలు పెట్టుకోవడానికీ చోటు మిగలాలంటే పలకలను ఏడెనిమిది అడుగుల ఎత్తున నిలబెట్టే ఇనుప చట్రం అడగండి. దానికి కొంత అదనపు ఖర్చు ఉన్నా మన ఇళ్లలో అది అవసరమే. విజయవాడ దుమ్ముకు పలకలను పదిహేను రోజులకొకసారి ఉదయం పూట, అవి వేడెక్కకముందే, మామూలు నీళ్లతో కడగాలి.

ఒక సంగతి చాలామందికి బిగించాక గాని తెలియదు. లైనుకు అనుసంధానమైన మామూలు సోలారు, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను బాగుచేసే సిబ్బందికి ఎదురు కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది. కరెంటు కోతల భయంతో సోలారు పెడితే నిరాశ తప్పదు. బ్యాటరీతో కూడిన రకం ఉంది గాని ధర చాలా ఎక్కువ. మీ ఇంట్లో మామూలు ఇన్వర్టరూ బ్యాటరీ ఉంటే, ఫ్యానులు మార్చాక అదే బ్యాటరీ వాటిని రెట్టింపు సేపు తిప్పుతుంది, మీకు అది చాలు.

కాలక్రమం ఇలా పెట్టుకోండి. ఫ్యానులు ఈ నెలలోనే మార్చండి. ఎలక్ట్రీషియన్ పని, ఇండక్షన్ పొయ్యి కొనడం దీపావళి లోపు ముగించండి. పగుళ్లు పూడ్పించి డాబాకు రంగు సంక్రాంతి వెళ్లాక, ఎండ ముదరకముందే వేయించండి. ఏసీ ఆ తరువాతే కొనండి, అప్పటికి కొత్త సంవత్సరపు లేబుళ్లు కూడా వచ్చి ఉంటాయి. రంగు ఆరిన వారానికి సోలారు వారిని కొలతలకు రమ్మనండి. శివరాత్రి నాటికి రెండువైపులా లెక్కించే మీటరు బిగిస్తే, వచ్చే మే నెల బిల్లును ఈ మే నెల బిల్లు పక్కన పెట్టి నాకు తప్పక రాయండి.